సి డ్రైవ్ నిండిపోయిందా? డేటా పోకుండా పార్టిషన్ల సైజు మార్చుకునే పద్ధతి

కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు చాలా షాపుల్లో "సి, డి చేసి ఇవ్వమంటారా?" అని అడుగుతారు. మనం సరే అంటాం. 512 జీబీ ఎస్ఎస్‌డీలో సి డ్రైవ్‌కి 120 జీబీ ఇచ్చి, మిగతాదంతా డి డ్రైవ్‌కి పెట్టేస్తారు. రెండేళ్లు తిరిగేసరికి విండోస్ అప్‌డేట్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్లు, వాట్సాప్ వీడియోలు అన్నీ చేరి సి డ్రైవ్ గీత ఎర్రబడుతుంది. పక్కన డి డ్రైవ్‌లో 200 జీబీ ఊరికే పడి ఉంటుంది. ఆ ఖాళీని ఇటు తెచ్చుకోవాలి, అందులో ఉన్న పెళ్లి ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు మాత్రం చెక్కుచెదరకూడదు. విండోస్ 10, 11 వాడేవాళ్ల కోసం ఆ పని వరసగా చెబుతాను. లినక్స్ వాళ్లకి కావలసిన ముక్క కూడా చివర్లో ఉంది.

ఈ పనిలో రిస్కు దాదాపు అంతా ఒక్క చోటే ఉంది. డేటాని డిస్కు మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడంలో ఉంది. జరపకుండా పనయ్యే దారి ఉంటే సైజు మార్పు సెకన్లలో అయిపోతుంది. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అనే ప్రశ్న కంటే, నా డిస్కులో ఏది జరగాలి, ఏది జరగక్కర్లేదు అనే ప్రశ్న ముందు వేసుకోవాలి.

లోపల ఏం జరుగుతుంది

డిస్కులో సి, డి లాంటి ఒక్కో భాగాన్ని పార్టిషన్ అంటారు. డిస్కు మొదట్లో పార్టిషన్ టేబుల్ అని ఒక చిన్న పట్టిక ఉంటుంది. సి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, డి ఎక్కడ మొదలవుతుంది అన్నది అందులో రాసి ఉంటుంది. ఒక్కో పార్టిషన్ లోపల మళ్లీ ఫైల్ సిస్టమ్ ఉంటుంది. విండోస్‌లో అది సాధారణంగా ఎన్‌టీఎఫ్ఎస్. ఏ ఫైలు ఎక్కడ ఉందో దాని లెక్క అంతా పార్టిషన్ మొదలైన చోటి నుంచే.

పొలంలో సర్వే రాయి నుంచి కొలతలు తీసినట్టన్న మాట. అవతలి చివర కంచె ముందుకో వెనక్కో జరిపితే లోపలి కొలతలకి ఏమీ కాదు. సర్వే రాయినే పీకి ఇంకోచోట పాతితే లోపలిదంతా మళ్లీ సర్దాలి. పార్టిషన్ కుడి చివర మార్చడం కంచె జరపడం లాంటిది, ఎడమ చివర మార్చడం రాయి పీకడం లాంటిది. డి డ్రైవ్ ఎడమ వైపు నుంచి 100 జీబీ తీయాలంటే డి లో ఉన్న డేటా మొత్తాన్ని కుడికి కాపీ చేసుకుంటూ పోవాలి. మధ్యలో కరెంటు పోతే సగం అక్కడ, సగం ఇక్కడ మిగులుతుంది.

విండోస్‌లో ఉన్న డిస్క్ మేనేజ్‌మెంట్ ఈ ఎడమవైపు పని అసలు చేయదు. సి కి కుడి పక్కన, ఆనుకుని ఖాళీ ఉంటేనే దాన్ని పెంచే "ఎక్స్‌టెండ్ వాల్యూమ్" ఆప్షన్ వెలుగుతుంది. డి ని ఎంత ష్రింక్ చేసినా (కుదించినా) ఆ ఆప్షన్ బూడిద రంగులోనే ఎందుకు ఉంటోందని చాలామంది తల పట్టుకుంటారు. డి ని ష్రింక్ చేస్తే ఖాళీ డి కి కుడివైపు వస్తుంది. సి కి, ఆ ఖాళీకి మధ్య డి అడ్డంగా నిలబడి ఉంటుంది.

అసలు మార్చాలా?

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్‌లోకి వెళ్లి క్లీనప్ రికమెండేషన్స్ చూడండి. పెద్ద అప్‌గ్రేడ్ తర్వాత పాత విండోస్ కాపీ మిగిలి ఉంటే అదొక్కటే పది, ఇరవై జీబీలు తినొచ్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ సైజు చూడండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ నుంచి వాటిని డి కి మార్చేయొచ్చు. ఇంతటితో 40 జీబీ ఖాళీ అయితే పార్టిషన్ల జోలికి పోకండి.

మొదలుపెట్టే ముందు

బ్యాకప్ తీసుకోకుండా కింద చెప్పిన ఏ పనీ చేయొద్దు. డి లో ఉన్నదానికి బ్యాకప్ అవ్వాలంటే ఆ కాపీ వేరే డిస్కులో ఉండాలి. సి లోకి కాపీ చేసి బ్యాకప్ అనుకుంటే కుదరదు, రెండూ ఒకే డిస్కు కదా. బయటి హార్డ్‌డిస్క్ తీసుకోండి. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ, అంతకన్నా పెద్ద ఫైళ్లు అందులోకి ఎక్కవు. కాబట్టి ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండేలా చూసుకోండి.

కాపీ అయ్యాక సరిచూసుకోవడం కూడా ముఖ్యం. డి ని తెరిచి ఫోల్డర్లన్నీ సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్ చూడండి. బయటి డిస్కులో కాపీ చేసిన ఫోల్డర్లకీ అలాగే చూడండి. ఫైళ్ల సంఖ్యా, "సైజ్" దగ్గర బైట్ల లెక్కా రెండు చోట్లా ఒకటే ఉండాలి. "సైజ్ ఆన్ డిస్క్" వేరుగా చూపించినా పట్టించుకోకండి. డ్రైవ్ మొత్తం మీద ప్రాపర్టీస్ చూస్తే రీసైకిల్ బిన్, సిస్టమ్ ఫోల్డర్లు కలిసి లెక్క తేడా వస్తుంది, అందుకే లోపలి ఫోల్డర్లని సెలెక్ట్ చేయమంటున్నాను. నాలుగైదు పెద్ద వీడియోలు, కొన్ని ఫోటోలు బయటి డిస్కు నుంచే తెరిచి చూడండి. మళ్లీ దొరకనివి, అంటే ఇంట్లోవాళ్ల ఫోటోలు, భూమి కాగితాల స్కాన్లు, ఇంకోచోట కూడా కాపీ పెట్టండి. పెన్‌డ్రైవ్ అయినా, గూగుల్ డ్రైవ్ అయినా సరే.

తర్వాత డిస్కు ఆరోగ్యం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం "గుడ్" అని చూపించాలి. అది మామూలుగా నీలంగా, సెట్టింగ్ మారిస్తే పచ్చగా కనిపిస్తుంది. పసుపు రంగులో "కాషన్" అని వచ్చి, హార్డ్‌డిస్కులో పెండింగ్ సెక్టార్లు, రీఅలొకేటెడ్ సెక్టార్లు (డిస్కు పాడవుతోందనే గుర్తులు) కనిపిస్తే పార్టిషన్ సంగతి పక్కన పెట్టి ముందు డేటా బయటికి తీయండి. నీరసించిన డిస్కు చేత వందల జీబీలు అటూ ఇటూ మోయించడం దాన్ని చంపుకోవడమే. డిస్కు బాగుంటే సి, డి రెండింటి ప్రాపర్టీస్‌లో టూల్స్ ట్యాబ్‌కి వెళ్లి ఎర్రర్ చెకింగ్ చేయించండి.

ఇక బిట్‌లాకర్. డిస్కులో ఉన్నదంతా కీ లేకుండా చదవడానికి వీల్లేకుండా తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ ఏర్పాటు ఇది. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్ మనకి తెలియకుండానే ఆన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. హోమ్ ఎడిషన్‌లో కూడా ఉంటుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. అదే ల్యాప్‌టాప్‌లో సేవ్ చేసుకుంటే ప్రయోజనం లేదు. సాధారణంగా ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌తో పని చేసేవాళ్లకి ఎన్‌క్రిప్షన్ తీసేయనక్కర్లేదు. కింద చెప్పే జీపార్టెడ్ వాడేవాళ్లు మాత్రం ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్షన్ ముగిసేదాకా ఆగాలి. సస్పెండ్ చేస్తే సరిపోదు.

బొమ్మ చదవడం

విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది సగంలో ఒక్కో డిస్కుకి ఒక్కో అడ్డ వరస ఉంటుంది. మన 512 జీబీ డిస్కు అక్కడ 476 జీబీ అని కనిపిస్తుంది. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది, పోయిందేమీ లేదు. వరసలో ఎడమ చివర ఈఎఫ్ఐ అనే చిన్న ముక్క ఉంటుంది. ల్యాప్‌టాప్ బూట్ అయ్యేది దాని నుంచే, దాన్ని ముట్టుకోకండి.

మనకి కావలసింది సి కి కుడి పక్కన ఏముంది అన్నది. మామూలుగా రెండు రకాలు కనిపిస్తాయి. విండోస్ వేశాక సి ని ష్రింక్ చేసి డి చేసి ఉంటే సి, డి, చివర్లో రికవరీ (విండోస్ రిపేర్‌కి పనికొచ్చే చిన్న ముక్క) అనే వరస ఉంటుంది. విండోస్ వేసేటప్పుడే సైజు ఇచ్చి ఉంటే సి కీ డి కీ మధ్యలో రికవరీ ముక్క దూరి ఉండొచ్చు. ఫోన్‌తో ఆ స్క్రీన్ ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఏదైనా తేడా వస్తే పార్టిషన్ల పాత సైజులు, వరస తెలియడానికి అదే ఆధారం.

తేలిక పని: సి పెద్దగా ఉంది, డి కావాలి

సి మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. అంకె ఎంబీల్లో అడుగుతుంది, 100 జీబీకి 102400 అని కొట్టండి. వచ్చిన నల్ల గీత ఖాళీ మీద రైట్ క్లిక్ చేసి న్యూ సింపుల్ వాల్యూమ్ చేసుకోండి. సి లో ఉన్నది అలాగే ఉంటుంది.

ఇక్కడ వచ్చే చిక్కు ఒకటుంది. సి లో 300 జీబీ ఖాళీ ఉన్నా ష్రింక్ చేయడానికి 20 జీబీయే ఇస్తానంటుంది. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునేది), హైబర్నేషన్ ఫైల్, సిస్టమ్ రిస్టోర్ కాపీలు లాంటివి డిస్కు మధ్యలో ఎక్కడో కూర్చుని ఉంటాయి. విండోస్ నడుస్తుండగా వాటిని కదపలేదు. హైబర్నేషన్, సిస్టమ్ ప్రొటెక్షన్, పేజ్ ఫైల్ మూడూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపితే పాత రిస్టోర్ పాయింట్లు పోతాయని గుర్తుంచుకోండి. అప్పటికీ ఇవ్వకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ చూడండి. అడ్డుపడుతున్న చివరి ఫైలు పేరు అందులో ఉంటుంది. పని అయ్యాక ఆపినవన్నీ తిరిగి ఆన్ చేయడం మర్చిపోవద్దు.

అసలు పని: డి నుంచి సి కి

నేను అందరికీ చెప్పేది ఈ పద్ధతే. డి ని ఖాళీ చేసి, తీసేసి, సి ని పెంచి, మిగిలిన చోటులో డి ని కొత్తగా పెట్టుకోవడం. ఎడమవైపు జరపడం అనే గొడవే ఉండదు. బ్యాకప్ కోసం ఎలాగూ కాపీ తీశారు కాబట్టి అదనపు శ్రమ కూడా పెద్దగా లేదు. సి 120, డి 355 జీబీ ఉన్న మన ఉదాహరణలో సి ని 220 చేద్దాం. వరస సి, డి, రికవరీ అనుకుందాం.

1. డి లో ప్రోగ్రాములు, గేములు ఇన్‌స్టాల్ అయి ఉన్నాయేమో, డాక్యుమెంట్స్ ఫోల్డర్ అక్కడికి మార్చి ఉందేమో చూడండి. ఉంటే కంగారు పడక్కర్లేదు. కొత్త డ్రైవ్‌కి కూడా డి అక్షరమే ఇచ్చి, ఫోల్డర్లు అవే పేర్లతో వెనక్కి పెడితే చాలావరకు మామూలుగానే పని చేస్తాయి. పేజ్ ఫైల్ డి లో ఉంటే ముందు సి కి మార్చండి.

2. డి డేటా బయటి డిస్కులో ఉందని ఇంకోసారి చూసుకుని, బయటి డిస్కు కేబుల్ పీకేయండి. చేతి పొరపాటున దాన్నే డిలీట్ చేయకుండా ఇదే మంచి జాగ్రత్త.

3. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి మీద రైట్ క్లిక్ చేసి డిలీట్ వాల్యూమ్ నొక్కండి. ఎస్ అనే ముందు అక్షరం, సైజు రెండూ చదవండి. ఆ చోటు నల్ల గీతతో అన్‌అలొకేటెడ్ అని మారాలి.

4. సి మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌టెండ్ వాల్యూమ్ నొక్కండి. విజర్డ్ మొత్తం ఖాళీని ఇచ్చేయబోతుంది. అక్కడ అంకె చెరిపి 102400 కొట్టి ఫినిష్ నొక్కండి. కొన్ని సెకన్లలో సి 220 జీబీ అవుతుంది, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు.

5. మిగిలిన 255 జీబీ ఖాళీ మీద న్యూ సింపుల్ వాల్యూమ్ చేయండి. అక్షరం డి, ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్, క్విక్ ఫార్మాట్ టిక్ ఉంచండి.

6. బయటి డిస్కు పెట్టి డేటా వెనక్కి కాపీ చేయండి. మళ్లీ ఫైళ్ల సంఖ్యా బైట్లూ సరిచూడండి. ఒక వారం గడిచేదాకా బయటి కాపీని తుడవొద్దు.

పాత కంప్యూటర్లలో డిస్కు ఎంబీఆర్ అనే పాత తరహా పార్టిషన్ టేబుల్ పద్ధతిలో ఉంటుంది. అలాంటి డిస్కు మీద డి చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తే అది ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల వేరే డ్రైవులు పెట్టుకునే పార్టిషన్) లోపల ఉందని అర్థం. డి ని తీసేశాక ఆ చోటు నల్ల గీతకి బదులు లేత ఆకుపచ్చతో "ఫ్రీ స్పేస్" అని కనిపిస్తుంది. దాన్ని కూడా ఇంకోసారి డిలీట్ చేస్తేనే సి పెరుగుతుంది. లోపల E అక్షరంతో ఇంకో డ్రైవ్ కూడా ఉంటే దాని డేటా కూడా ముందే బయటికి తీసి ఉండాలి.

పని మధ్యలో ఎప్పుడైనా విండోస్ "ఈ డిస్కుని డైనమిక్ డిస్కుగా మారుస్తాను" అని అడిగితే నో అనండి. అందులోకి వెళ్లడం తేలిక, డేటా ఉంచుకుని వెనక్కి రావడమే కష్టం.

డి ని ఖాళీ చేసే వీలు లేకపోతే, రికవరీ అడ్డుంటే

బ్యాకప్ ఉంది కానీ డి లో ఉన్న ప్రోగ్రాముల వల్ల తీసి పెట్టలేం అనుకునేవాళ్లకి, మధ్యలో రికవరీ ముక్క ఉన్నవాళ్లకి జీపార్టెడ్ లైవ్ మంచి పనిముట్టు. ఉచితం, విండోస్ బయటి నుంచి నడుస్తుంది. దాని ఐఎస్ఓ ఫైలు దించుకుని రూఫస్ అనే ప్రోగ్రాంతో ఒక పెన్‌డ్రైవ్ మీద రాయండి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీది వాడండి. విండోస్‌లోనే నడిచే మినీటూల్, ఈజ్‌యూఎస్ లాంటివి కూడా ఉన్నాయి. వాటి ఉచిత వెర్షన్లలో పరిమితులు ఉంటాయి. క్రాక్ చేసిన కాపీలు మాత్రం వాడకండి. డిస్కు మొత్తం మీద అధికారం ఇచ్చే ప్రోగ్రాం అది.

రికవరీ ముక్కని జరపాలంటే ముందు విండోస్‌లోనే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, రీఏజెంట్‌సీ కమాండ్‌ని "స్లాష్ డిసేబుల్"తో (reagentc /disable) ఇవ్వండి. పార్టిషన్ పనంతా అయ్యాక అదే కమాండ్ "స్లాష్ ఎనేబుల్"తో ఇస్తే విండోస్ రికవరీని కొత్త చోటుతో మళ్లీ నమోదు చేసుకుంటుంది. "స్లాష్ ఇన్ఫో" అని ఇస్తే ఎనేబుల్డ్ అని కనబడాలి. ఆ ముక్క ఖాళీగా కనిపిస్తోంది కదా అని తీసేయకండి. విండోస్ బూట్ కానప్పుడు రిపేర్ చేసేది అదే.

తర్వాత షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ సగం నిద్రలో ఉండిపోతుంది, అలాంటి డ్రైవ్‌ని జీపార్టెడ్ ముట్టుకోనంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టి, బ్యాటరీ కూడా నిండుగా ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. ఎండాకాలం మధ్యాహ్నాలు, గాలివాన సాయంత్రాలు దీనికి పనికిరావు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. వచ్చే ప్రశ్నలకి ఎంటర్ నొక్కుతూ పోతే చాలు. తెర మీద కుడి పైమూల డిస్కు ఎంచుకునే చోట సైజు చూసి సరైనదే పట్టుకోండి, పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలో ఉంటుంది. మీ డిస్కు అసలు కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ మోడ్ మార్చేయకండి. విండోస్ బూట్ కాకుండా పోవచ్చు.

ఆ తర్వాత డి మీద రీసైజ్ ఆర్ మూవ్ తెరవండి. మూడు అంకెలు ఉంటాయి: ముందు ఖాళీ, కొత్త సైజు, తర్వాత ఖాళీ. ఎడమ బాణాన్ని కుడికి లాగి ముందు ఖాళీ 102400 వచ్చేలా చేయండి. తర్వాత ఖాళీ మొదట ఎంత ఉందో అంతే ఉండాలి. అలైన్ అన్న చోట ఎంఐబీ అనే ఉంచండి. మధ్యలో రికవరీ ఉంటే ఇప్పుడు దాన్ని కుడికి, డి ని ఆనుకునేలా జరపండి. చివరగా సి కుడి అంచుని లాగి ఖాళీ అంతా ఇచ్చేయండి. ఇంతవరకూ డిస్కు మీద ఏమీ జరగలేదు, అన్నీ కింద జాబితాలో వరసగా నిలబడి ఉంటాయి. ఆ జాబితా నిదానంగా చదివి, తృప్తిగా ఉంటేనే పచ్చ టిక్ నొక్కండి. నొక్కాక ఆపకూడదు. ఎస్ఎస్‌డీలో నిమిషాల నుంచి గంట, పాత హార్డ్‌డిస్కులో చాలా గంటలు పట్టొచ్చు. గీత కదలట్లేదని టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కితే డేటా అక్కడే పోతుంది.

తర్వాత విండోస్ మొదటిసారి తెరుచుకునేటప్పుడు డిస్క్ చెక్ నడుపుతుంది. అది మామూలే, పూర్తి కానివ్వండి. ఆఫ్ చేసిన బిట్‌లాకర్‌ని తిరిగి ఆన్ చేయండి, కొత్త రికవరీ కీని మళ్లీ రాసుకోండి.

లినక్స్ వాళ్లకి

ఎక్స్‌ట్4 ని వాడుతుండగానే పెంచొచ్చు, తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయాలి. రూట్ పార్టిషన్ అయితే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచే. బీటీఆర్ఎఫ్ఎస్ రెండు పనులూ నడుస్తుండగానే చేస్తుంది. ఎక్స్ఎఫ్ఎస్‌ని తగ్గించే మార్గం ఆచరణలో లేదు, కాపీ తీసి మళ్లీ చేసుకోవాల్సిందే. చేత్తో కమాండ్లు కొట్టేవాళ్లు తగ్గించేటప్పుడు ముందు ఫైల్ సిస్టమ్, తర్వాత పార్టిషన్ తగ్గించాలి. పెంచేటప్పుడు ముందు పార్టిషన్, తర్వాత ఫైల్ సిస్టమ్. తగ్గించేటప్పుడు ఈ వరస తిరగబడితే ఫైల్ సిస్టమ్ తోక తెగుతుంది.

తేడా కొడితే

పార్టిషన్ మాయమైనా, "ఈ డ్రైవ్‌ని ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడిగినా క్యాన్సిల్ నొక్కండి. ఫార్మాట్ చేస్తే చేతిలో ఉన్న అవకాశం పాడవుతుంది. బ్యాకప్ ఉంటే ఆ డిస్కుతో కుస్తీ పట్టకండి, కొత్తగా పార్టిషన్ చేసి కాపీ వెనక్కి తెచ్చుకోండి. బ్యాకప్ లేకపోతే ఆ డిస్కు మీద ఒక్క ఫైలు కూడా రాయొద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా దాంట్లో ఇన్‌స్టాల్ చేయొద్దు. ఇంకో కంప్యూటర్ నుంచి ముందు డిస్కు మొత్తానికి ఒక ఇమేజ్ కాపీ తీసి, ఆ కాపీ మీదే టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రాం నడపండి. పొరపాటున డిలీట్ అయిన పార్టిషన్ అయితే, దాని మీద కొత్తగా ఏదీ రాయనంతవరకు, టెస్ట్‌డిస్క్ దాన్ని వెతికి పట్టుకునే అవకాశం బాగానే ఉంటుంది. జరుపుతుండగా మధ్యలో ఆగిపోయినది అంత తేలిగ్గా రాదు. అక్కడ డేటా విలువైనదైతే సొంత ప్రయోగాలు ఆపి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి ఆ డిస్కుని అలాగే తీసుకెళ్లండి. ఎంతవరకు జరిగాక ఆగిందో కూడా వాళ్లకి చెప్పండి. మొదట్లో తీసుకున్న ఫోన్ ఫోటో ఉంటే అదీ చూపించండి.